విదేశంలో మిలిటరీ కొలువు: యజమాని ఎవరో ముందు తెలుసుకోండి

మన మహదేవపూర్ 2016 దాకా కరీంనగర్ జిల్లాలోదే. గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లు లేని ఊరు ఆ జిల్లాలో దొరకడం కష్టం. అందుకే ‘బయటి దేశంలో మిలిటరీ పని’ అంటే ఇక్కడి పిల్లలకు వింతగా తోచదు. అయితే ఆ ఒక్క మాట కింద వేరువేరు కొలువులున్నాయి. ఏది ఏదో తేల్చుకోకుండా బయల్దేరితే ప్రాణం మీదికొస్తుంది.

మన సైన్యం తరఫున విదేశానికి పోవడానికి నేరుగా దరఖాస్తు ఉండదు. ముందు సైన్యంలో చేరాలి. దక్షిణ సూడాన్ లాంటి చోటికి ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో పంపడం సైన్యం ఇష్టం. చేతిపని తెలిసినవాళ్లకు బోర్డర్ రోడ్స్ సంస్థ ఉంది. భూటాన్‌లో 1961 నుంచి ‘దంతక్’ పేరుతో రోడ్లు వేస్తున్నది అదే. మేస్త్రీలు, డ్రైవర్ల ఉద్యోగాలకు పుణెలోని ఆ సంస్థ గ్రెఫ్ సెంటర్ ప్రకటనలిస్తుంది. పోస్టింగ్ మాత్రం మనం కోరుకున్నచోట రాదు, కొండల చలికి సిద్ధపడాలి.

మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది క్యాంపు పని. కువైట్, ఖతార్‌లలోని అమెరికా స్థావరాల్లో వంట, లాండ్రీ, గోదాము, ఏసీ రిపేరు పనులు కాంట్రాక్టు కంపెనీలు చేయిస్తాయి. జీతమిచ్చేది అమెరికా సైన్యం కాదు, ఆ కంపెనీ లేదా దాని కింది సబ్ కాంట్రాక్టరు. 2004లో జోర్డాన్‌లో హోటల్ పనని నమ్మించి నేపాల్ నుంచి తీసుకెళ్లిన పన్నెండు మందిని ఇరాక్‌లోని అమెరికా స్థావరానికి తరలిస్తుండగా మిలిటెంట్లు పట్టుకుని చంపేశారు. ఆ కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని 2008లో అమెరికా కార్మిక శాఖ న్యాయాధికారి ఆదేశించారు. అందుకు ఆధారం 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టం. ఇలాంటి కాంట్రాక్టుల్లో పనిచేసేవాళ్లు ఏ దేశస్థులైనా, పనిలో గాయపడినా చనిపోయినా బీమా నుంచి పరిహారం రావాలి. పోయేవాడికన్నా ఇంట్లో ఉండే తల్లికి, భార్యకు ఈ సంగతి తెలియడం ముఖ్యం. కంపెనీ పేరు, ఒప్పందం నకలు, బీమా వివరాలు ఇంట్లో పెట్టిపోవాలి. కొలువు ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవడం, పాస్‌పోర్టు గుంజుకోవడం అమెరికా కాంట్రాక్టు నిబంధనలకే విరుద్ధం.

ఇక ఎవరు ఎంత చెప్పినా పోకూడని దారి, పరాయి దేశపు సైన్యంలో ‘హెల్పర్’ పని. ఇలా నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయినట్టు 2024 మార్చిలో తెలిసింది. అలాగే వెళ్లి చిక్కుకున్న నారాయణపేట కుర్రాడు ఆ సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తుపాకి పట్టాల్సిరాదని చెప్పిన ఏజెంటు యుద్ధభూమిలో పక్కన ఉండడు.

గల్ఫ్ క్యాంపు పనికైనా మన ప్రభుత్వ లెక్కలోకి ఎక్కి పోవాలి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) రకం. కువైట్, ఖతార్, ఇరాక్‌తో సహా 18 దేశాల్లో పనికి పోవాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపుతామనేవాళ్లు ఈ అనుమతినే తప్పిస్తున్నారు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. మన నిబంధనల ప్రకారం అతని రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో ఉంది, అక్కడా అడగొచ్చు. అనుమతితో పోయే ఈసీఆర్ కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది.