ముదురు జింక జాడలో...

పొలం అంచున మంచె మీద కూర్చుంటే జింక తనంతట తానే వస్తుంది. అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రంలో, ఉత్తరాది అడవుల్లో మాత్రం ఆ పప్పులుడకవు. మంచులో అడుగు చూసి, దాని వెంటే నడిచి ముదురు మగ జింకను చేరుకోవాలి. చాలామంది వట్టి చేతులతోనే తిరిగొస్తారు. అయినా నవంబరు వచ్చిందంటే మళ్లీ తుపాకీ భుజాన వేసుకుంటారు.

అంతుచిక్కని అడవి

మెయిన్‌లో దాదాపు 90 శాతం నేల అడవే. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఊళ్లు పలచబడి స్ప్రూస్, ఫర్ చెట్లు, చిత్తడి నేలలు, కలప లారీలు తిరిగే మట్టిరోడ్లే మిగులుతాయి. చలి ఎక్కువ, జింకలు తక్కువ. తెల్లతోక జింకల్లో మగది పూర్తిగా ఎదగడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఆ వయసుకు వచ్చిందంటే ఎన్నో మంచుకాలాలనూ తోడేళ్ల లాంటి కొయోట్లనూ తుపాకులనూ తప్పించుకున్నట్టే. పేగులూ అవీ తీసేశాక కూడా 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోలు తూగితే, కొట్టినవారికి ‘బిగ్గెస్ట్ బక్స్ ఇన్ మెయిన్’ క్లబ్బులో చోటు దక్కుతుంది.

మంచు చెప్పే కబురు

నవంబరు మధ్యలో ఎద ముమ్మరమవుతుంది. మగ జింక మెడ ఉబ్బుతుంది. చిన్న చెట్ల బెరడును కొమ్ములతో రాస్తుంది, గిట్టలతో నేల గీరి వాసన వదులుతుంది. తిండి కూడా పక్కనపెట్టి ఆడ జింకల కోసం మైళ్లకొద్దీ తిరుగుతుంది. అది దొరికే అదను అదే.

తెల్లారగానే మట్టిరోడ్డు దాటిన వెడల్పాటి గిట్టల జాడ కనిపిస్తే వేటగాడు వంగి, అందులో వేలు పెట్టి చూస్తాడు. మంచు ఇంకా మెత్తగా ఉంటే తాజా జాడ, గడ్డకట్టి ఉంటే పాతది. జాడ తిన్నగా సాగినంతసేపూ వడివడిగా నడుస్తాడు. అది వంకర్లు తిరిగి, అక్కడక్కడా చిగుళ్లు కొరికిన గుర్తులు కనిపిస్తే ఆగిపోతాడు. జింక పడుకోబోతోందని అర్థం. వచ్చిన దారి కనిపించేలా కాస్త మిట్టన పడుకోవడం దాని అలవాటు. ఇక ఒక్కో అడుగుకూ నిమిషాల తరబడి చూడాలి. అప్పుడు కూడా జింక మొత్తంగా కనిపించదు. నిలువు చెట్ల నడుమ అడ్డంగా సాగిన వీపు గీత, కదిలిన చెవి, అంతే. వర్మాంట్ రాష్ట్రానికి చెందిన లారీ బెన్వా, ఆయన కొడుకులు దేశమంతా పేరు తెచ్చుకున్నది ఈ విద్యతోనే.

కట్టడి ఉంటేనే వేట

కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా చేసుకున్న ఆంధ్రప్రదేశ్‌లో, చుక్కల దుప్పిని చేసుకున్న తెలంగాణలో ఇది చదివితే మనసు చివుక్కుమంటుంది. 1972 నాటి చట్టం ప్రకారం మన దగ్గర వాటిని వేటాడటం నేరం. అమెరికా వేరే దారి పట్టింది. 19వ శతాబ్దంలో మాంసం, తోళ్ల వ్యాపారం కోసం అడ్డూ అదుపూ లేకుండా చంపడంతో 1900 నాటికి తెల్లతోక జింకలు కొన్ని లక్షలే మిగిలాయి. ఆ ఏడాదే వచ్చిన లేసీ చట్టం, అక్రమంగా చంపిన జంతువులను రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని అడ్డుకుంది. 1937 నాటి చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాలపై 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తోంది. ఇప్పుడు ఆ జింకలు దాదాపు మూడు కోట్లు.

మెయిన్‌లో ఆదివారం వేట నిషిద్ధం. తుపాకీ వేటకు నారింజ రంగు దుస్తులు తప్పనిసరి. ఆ రంగు మనిషికి దూరం నుంచే తెలుస్తుంది, జింక కంటికి అంతగా ఆనదు. కొట్టిన జింకను నమోదు చేయించాలి. జీవశాస్త్రవేత్తలు పళ్లను బట్టి దాని వయసు లెక్కిస్తారు.

ఇంత కట్టడి ఉన్నా, లోతు మంచులో జింకలు తలదాచుకునే గుబురు అడవులు నరికివేతతో తగ్గిపోయాయి. అవి పోతే ముదురు జింక మాట అటుంచి, కూన కూడా చలికాలం గట్టెక్కదు. ఏ గుబుర్లలో జింకలు బతుకుతున్నాయో జాడ పట్టేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాటిని నరకొద్దని మొదట గొంతెత్తాల్సింది వాళ్లే.