అపురూప గ్రంథ సేకరణము

పుస్తకమును చదువుట యొక విద్య. దానిని పదిలపరచుట మరియొక విద్య. మొదటి దానివలన చదివినవానికి లాభము. రెండవ దానివలన ఇంకను పుట్టనివారికి సైతము లాభము కలుగును. నాణెములను, తపాలా బిళ్ళలను సేకరించు బాలబాలికలు మనలో పెక్కుమంది కలరు. అట్లే పుస్తకములను ఏర్చి కూర్చువారును లోకమున కలరు. వారు దొరికిన పుస్తకమునెల్ల కొనువారు కారు. సామాన్యముగా మూడు విధములైన పుస్తకములను వారు కోరుదురు: అరుదుగా లభించునవి, చేవ్రాలు గలవి, మిక్కిలి చిన్న పరిమాణము గలవి.

పాతదైనంత మాత్రమున పుస్తకము అరుదైనది కాదు. ఎన్ని ప్రతులు మిగిలియున్నవి, ఎందరు దానిని కోరుచున్నారు అను రెండు విషయములను బట్టి దాని విలువ యేర్పడును. జర్మనీ దేశమున గూటెన్‌బర్గు 1455 ప్రాంతమున బైబిలును సుమారు 180 ప్రతులు అచ్చువేసెనని పండితుల అంచనా. వానిలో నేడు మిగిలినవి ఏబదికి లోపే. అందుచేతనే ఒక్కొక్క ప్రతి యొక నిధి వలె కాపాడబడుచున్నది. ఆ దేశముననే హాలె నగరమున 1746 ప్రాంతమున బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. అవియు ఇట్టి అపురూప గ్రంథములలో చేరినవే.

ఇందొక వింత కలదు. పూజా మందిరమున పట్టుగుడ్డలో చుట్టి పెట్టిన గ్రంథము నూరేండ్లయినను నిలుచును. పిల్లల చేతిలోని పుస్తకము రెండేండ్లు నిలుచుట కష్టము. పెద్ద బాలశిక్ష తెలుగునాట ఇంటింట నుండెడిది. అయినను దాని తొలినాటి ముద్రణములు నేడు దొరకుట దుర్లభము. చదివి చదివి చింపివేసినందున అవి మిగులలేదు. కావున ఎల్లవారికిని తెలిసిన పుస్తకమే ఒకనాటికి ఎవరికిని దొరకని పుస్తకము కాగలదు.

పుస్తకము యొక్క జాతకము దాని ముఖపత్రము వెనుకనే యుండును. ప్రథమ ముద్రణమా, పునర్ముద్రణమా, ఏ సంవత్సరము, ఏ ముద్రణాలయము, ఎన్ని ప్రతులు, వెల యెంత అను వివరములను మన తెలుగు ప్రకాశకులు అచ్చట అచ్చువేయుదురు. "ప్రతులు 500" అని యున్నచో, ఆ ఐదువందలలో ఎన్ని చెదలకు, వానకు, పొయ్యికి ఆహుతియైనవో సేకర్త ఊహించుకొనును. అట్టి పుటను చించివేసినచో పుస్తకము పేరు మరచిన మనుష్యుని వంటి దగును.

ఇక చేవ్రాలు గల ప్రతులు. గ్రంథకర్త స్వహస్తముతో పేరు వ్రాసి, ఎవరికి ఏనాడు ఇచ్చినదియు తెలిపినచో, ఆ ప్రతి ఒక స్నేహమునకు సాక్ష్యమగును. ఒక్కొక్కప్పుడు గ్రంథమును కలిగియుండినవారి చేవ్రాళ్ళును విలువను కూర్చును. హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఇట్టి ఖురాను ప్రతి యొకటి కలదు. దానిని యాకూత్ అల్ ముస్తాసిమీ అను సుప్రసిద్ధ లేఖకుడు 1288లో వ్రాసెను. దానిపై జహంగీరు, షాజహాను, ఔరంగజేబు అను ముగ్గురు మొగలు చక్రవర్తుల చేవ్రాళ్ళు కలవు. తాత, తండ్రి, మనుమడు ఒకే గ్రంథమును చేతబట్టిరనుటకు ఆ గ్రంథమే సాక్షి! అయితే లోకమున దొంగ చేవ్రాళ్ళును కలవు. అందుచే సేకర్త ఆ రచయిత జాబులతోడను, తక్కిన ప్రతులతోడను పోల్చి చూడనిదే నమ్మడు.

చిన్న పుస్తకముల కథ మరింత వేడుకైనది. ఎత్తును, వెడల్పును, మందమును మూడు అంగుళములకు మించని పుస్తకమును అమెరికాలోని సేకర్తలు సూక్ష్మ గ్రంథమందురు. ఐరోపాలో పది సెంటీమీటర్ల వరకు అంగీకరింతురు. వీనిని కేవలము వినోదమునకే చేసిరనుకొనరాదు. ప్రయాణికులు జేబులో నుంచుకొనుటకు, భక్తులు మెడలో ధరించుటకు ఇవి ఉపయోగపడెను. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున డేవిడ్ బ్రైస్ అను ప్రకాశకుడు 1900 ప్రాంతమున బొటనవ్రేలి ప్రమాణము గల ఖురానును అచ్చువేయించి, భూతద్దము బిగించిన లోహపు పెట్టెలో నుంచి అమ్మెను. మొదటి ప్రపంచ యుద్ధమున సైనికులు కొందరు దానిని తమ వెంట నుంచుకొనిరి.

సాలార్‌జంగ్ ప్రదర్శనశాల యొక వ్యక్తి యభిరుచికి ఫలము. మూడవ సాలార్‌జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజాము ప్రభువునకు ప్రధానమంత్రి యయ్యెను. 1914లో ఆ పదవిని విడిచి, 1949లో మరణించువరకు కళావస్తువులను, గ్రంథములను కూర్చుటయందే కాలము గడపెను. పూర్వుల నుండి వచ్చిన వానికి తాను కొన్నవానిని చేర్చెను. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించెను. ఒక్కని సొత్తుగా నుండినది నాడు ప్రజలందరి సొత్తయ్యెను. సంగారెడ్డి నుండి ఒక్కనాటిలో పోయి చూచి రాదగిన స్థలమిది.

ధనవంతులే సేకర్తలు కాగలరని తలంపరాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అతడు కడపలో నుండినప్పుడు తెలుగు కావ్యముల తాళపత్ర ప్రతులు చెదలకు బలియగుచుండుట చూచెను. తన జీతము నుండియు, అప్పుచేసియు ధనము వెచ్చించి, పండితులను, లేఖకులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులను తెప్పించి, పాఠములను పోల్చి శుద్ధప్రతులను వ్రాయించెను. ఆ శ్రమయే 1852లో వెలువడిన అతని తెలుగు నిఘంటువునకు పునాది. అతడు కూర్చిన ప్రతులు పిమ్మట మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి.

మన ప్రాంతమునకు సంబంధించిన నిదర్శనము మరియొకటి కలదు. నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో 1930లో ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగెను. దాని కధ్యక్షుడు గోలకొండ పత్రికా సంపాదకుడు సురవరము ప్రతాపరెడ్డి. తెలంగాణమున కవులు లేరను మాట యొకటి నాడు వినవచ్చెను. ప్రతాపరెడ్డి దానికి కోపముతో బదులు చెప్పలేదు. ఊరూరి నుండి కవుల వివరములను, పద్యములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించెను. ఆ సేకరణము జరుగకున్నచో వారిలో ఎందరి పేర్లు నేడు మనకు తెలిసియుండును? సేకరణ మనగా బీరువా నింపుట మాత్రము కాదు. లేదన్న దానిని కలదని చూపుట.

పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగ మొదలగు పంటల విత్తనములను లక్షకు పైగా రకములు శీతల గృహములలో దాచియుంచినది. నేడెవరును విత్తని రకము రేపటి తెగులును ఎదుర్కొనుటకు అక్కరకు రావచ్చును. పుస్తకమును అట్టిదే. ఈ ప్రాంతమున పొలములు కర్మాగారములైనవి. పాత ఇండ్లు పడగొట్టి క్రొత్తవి కట్టుచున్నారు. అట్టివేళ అటుకమీది పెట్టెలోని పుస్తకములు పాత సామానుల వానికి తూకమున పోవుచున్నవి. తూచువాడు కాగితపు బరువును మాత్రమే చూచును. ఇచ్చుటకు ముందు ముఖపత్రమును చదువుట మన కర్తవ్యము.

దొరికిన దానిని కాపాడుటకు గొప్ప ధనమక్కరలేదు. మన పూర్వులు తాళపత్రములను కాపాడుటకు వసకొమ్మును, వేపాకును వాడిరి. కాగితపు పుస్తకమునకు తేమయు, ఎండయు శత్రువులు. గోడకు తగులకుండ, గాలి యాడుచోట నుంచి, అప్పుడప్పుడు దుమ్ము దులుపవలెను. చినిగిన పుటకు జిగురు టేపు అంటింపరాదు. అది కొలది యేండ్లకే పసుపురంగు మరకను విడిచి కాగితమును పాడుచేయును. పేరు వ్రాయవలసినచో పెన్సిలుతో వ్రాయవలెను. గ్రంథాలయ ముద్ర గల పుస్తకము అంగడిలో కనబడినచో, అది న్యాయముగా వచ్చినదేనా యని విచారింపక కొనరాదు. అందరి పుస్తకమును అపహరించి కూర్చినది సేకరణ మనిపించుకొనదు.

బాలబాలికలారా! మీ యింట తాతగారి సంతకము గల భాగవతమో, అమ్మమ్మ చదువుకొన్న వాచకమో, మీ యూరి కవి అచ్చువేయించిన చిన్న శతకమో ఉండవచ్చును. దాని పేరు, కర్త, సంవత్సరము, ముద్రణాలయము ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఎవరి చేతినుండి మీ యింటికి వచ్చినదో పెద్దల నడిగి అదియు చేర్చుడు. మీకు దానిని కాపాడు వీలు లేనిచో గ్రంథాలయమున కిండు. అట్లు చేసిననాడు మీరును బ్రౌను, ప్రతాపరెడ్డి నడచిన త్రోవలో అడుగు పెట్టినవా రగుదురు.