సెలవు రోజు పుట్టిన ప్రేమ నిలవాలంటే

దుబాయి పేరు వినని తెలుగు ఊరు లేదు. ఆ దుబాయిలో పనిచేసేవాళ్లలో చాలామంది రాత్రికి వచ్చి పడుకునేది అజ్మాన్‌లో అని మాత్రం ఇంటి దగ్గర ఎవరికీ పెద్దగా తెలియదు. యూఏఈలోని ఏడు ఎమిరేట్లలో ఇదే చిన్నది, దాదాపు 260 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ అద్దెలు తక్కువ. అందుకే గదికి నలుగురైదుగురు చొప్పున బెడ్ స్పేస్ తీసుకుని, తెల్లారకముందే బస్సులెక్కి దుబాయి, షార్జాలకు పోతారు. పనిరోజుల్లో పక్క మంచం మనిషి ముఖం కూడా సరిగా చూడం.

సెలవొస్తే ఊరు మారిపోతుంది. రంజాన్ పండక్కి, డిసెంబరు 2, 3 తేదీల్లో జాతీయ దినోత్సవానికి కార్నిష్ తీరమంతా జనమే. డిసెంబరు 2 అంటే 1971లో ఎమిరేట్లు ఒక్కటైన రోజు. కార్లకు జెండాలు కడతారు, బాణసంచా కాలుస్తారు. ఒడ్డున చాపలు పరుచుకుని మనవాళ్లు పులిహోర డబ్బాలు విప్పుతారు. తెలుగు మాట వినపడితే చాలు, కొత్తవాళ్లనైనా పిలిచి ప్లేటులో పెడతారు. నాకూ మా ఆయనకూ పరిచయం అలాంటి చాప మీదే.

మాది తిరుపతి జిల్లా సూళ్లూరుపేట. ఇక్కడ అజ్మాన్‌లోని నుఐమియా ప్రాంతంలో ఒక మందుల షాపులో బిల్లింగ్ చేస్తాను. ఆయనది సిరిసిల్ల, అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాపులో పని. మర్నాడు తెలిసినవాళ్లంతా కలిసి అల్ జోరా మడ అడవులకు వెళ్తుంటే మేమూ వెళ్లాం. అంతర్జాతీయంగా గుర్తించిన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉన్న చోటది. అక్కడ ఫ్లెమింగోలు కనపడగానే నాకు మా ఊరి దగ్గరి పులికాట్ సరస్సు గుర్తొచ్చింది. మా ఊళ్లో వాటి పేరిట ప్రభుత్వమే పండగ చేస్తుంది మరి. ఆయన అవి చూడటం అదే మొదటిసారి.

"ఒంటికాలి మీద నిలవడ్డయ్, కాళ్లు గుంజయా?" అని అడిగాడు.

"గుంజవండీ. ముక్కు చూడండి, తలకిందులుగా పెట్టి నీళ్లు జల్లెడ పడతాయి. రొయ్యల్లాంటి చిన్న పురుగులు, నాచు తింటాయి. ఆ గులాబీ రంగు తిండి వల్లే వస్తుంది" అన్నాను.

ఊళ్లో నాన్న చెప్పిన సంగతులే అవి. మందుల పేర్లు, ధరలు తప్ప నేనేదైనా చెబుతుంటే ఒక మనిషి నిలబడి వినడం ఇక్కడికొచ్చాక అదే మొదలు.

గల్ఫ్‌లో సెలవు రోజు ప్రేమలు ఎందుకు తొందరగా చిగురిస్తాయో నాకు అప్పుడు అర్థమైంది. ఊళ్లో అయితే ముందు ఎవరి పిల్ల, ఏం కులం, ఎంత పొలం అని ఆరా తీస్తారు. చాప మీద అవేవీ అడగరు. తిన్నావా అని అడుగుతారు. ఇంటికి డబ్బు పంపే మనిషిని తిన్నావా అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఆ మాట గుండెకు తగులుతుంది. కానీ చాప మీద అడగని ప్రశ్నలు ఎక్కడికీ పోవు. సెలవయ్యాక ఒక్కొక్కటే తలుపు తడతాయి.

మొదటిది అప్పు. ఏజెంటుకు కట్టడానికి ఆయన మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. రెండోది వీసా. ఇక్కడి నివాస వీసా మామూలుగా రెండేళ్లది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. భార్యను తెచ్చుకోవాలంటే నెల జీతం 4,000 దిర్హాములు ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉండాలి. ఆయనకు అంత రాదు. ఇద్దరికీ ఎవరి వర్క్ వీసా వాళ్లకుంది కాబట్టి మేం గట్టెక్కాం. మూడోది ఇంటివాళ్లు. మా అమ్మ నెల రోజులు ఫోనెత్తలేదు.

పెళ్లికి దారులున్నాయి. భారతీయులు విదేశాల్లో పెళ్లి చేసుకోవడానికి మనకు 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. వివాహ అధికారికి ముందుగా నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు, ముగ్గురు సాక్షులు. ముస్లిమేతరుల కోసం యూఏఈ తెచ్చిన పౌర వివాహ చట్టం 2023 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. మేం మాత్రం సెలవు పెట్టి ఊరెళ్లి చేసుకున్నాం. పెద్దల ముందు చేసుకుంటేనే అమ్మ మెత్తబడుతుందనుకున్నాం, మెత్తబడింది. అలా చేసుకున్నవాళ్లు పెళ్లి సర్టిఫికెట్‌ను రిజిస్టర్ చేయించి, రాష్ట్రంలో, విదేశాంగ శాఖలో, యూఏఈ రాయబార కార్యాలయంలో ముద్రలు వేయించుకునే రావాలి. కుటుంబ వీసాకైనా, పుట్టిన బిడ్డ కాగితాలకైనా ముందు అడిగేది అదే.

ఇంత చేసినా అజ్మాన్ మనది కాదు. ఎన్నేళ్లున్నా మాలాంటివాళ్లకు పౌరసత్వం దాదాపు రాదు. ఇక్కడ పుట్టిన మన బిడ్డకూ భారత పాస్‌పోర్టే. ఇది తెలిసే ఉంటున్నాం. షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గది మాది. ఆయన ఆలస్యమైతే కూర వేడిచేసి పెట్టే మనిషిని నేను, నా కాలు బెణికితే మెట్లు దింపే మనిషి ఆయన. ఊరు ఇవ్వలేనిది మనిషి ఇవ్వగలడు, పూర్తిగా కాకపోయినా బతకడానికి సరిపడా.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. సెలవు రోజున మనసు కలిస్తే సంతోషించండి, భయపడకండి. మాట ఇచ్చేముందు మాత్రం జీతం ఎంతో, అప్పు ఎంతో, వీసా ఎన్నాళ్లుందో, ఊళ్లో ఇప్పటికే సంబంధం కుదిరిందో లేదో ఒకరికొకరు దాచకుండా చెప్పుకోండి. ఎదుటివాళ్లు వీటిలో ఏది దాచినా పెళ్లి మాట అక్కడితో ఆపేయండి.