అలసిపోయింది అడ్రినల్ కాదు

జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండున్నాయి. ఒకటి మల్యాల మండలంలో కొండగట్టు అంజన్న గుట్ట కింద. ఇంకోటి మెట్‌పల్లి వైపు మల్లాపూర్ మండలంలో, 2015 డిసెంబర్‌లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఈ రెండు ఊళ్ళ చుట్టుపక్కలా, ఇటు కోరుట్ల నుంచి అటు సిరిసిల్ల దాకా, నలభై దాటిన ఆడవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకులో తంబాకు చుట్టినవాళ్ళే. సిరిసిల్లలో మగవాళ్ళు సాంచాల, అంటే మరమగ్గాల మీద, ఆడవాళ్ళు బీడీల మీద. ముట్లు ఆగిపోయే వయసులో వీళ్ళు చెప్పుకునే బాధలు ఇంచుమించు ఒక్కటే. ఉన్నట్టుండి మొహానికి ఆవిర్లు కొడతాయి, నడిరాత్రి చెమటతో జాకెట్టు తడిసిపోతుంది, నిద్ర పట్టదు, మోకాళ్ళు గుంజుతాయి, ఊరికే కోపం వస్తుంది.

ఈ బాధలకు ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియోలు కొత్త పేరు పెట్టాయి. ‘అడ్రినల్ అలసట’ అట. ఒత్తిడి ఎక్కువై ఆ గ్రంథులు సొమ్మసిల్లాయని, ఫలానా పొడి తాగితే మళ్ళీ లేస్తాయని చెబుతాయి. ఆ మాటలో నిజమెంతో చూడాలంటే ముందు ఆ గ్రంథి చేసే పనేమిటో తెలియాలి.

రెండు మూత్రపిండాల మీదా టోపీల్లా కూర్చుని ఉంటాయి అడ్రినల్ గ్రంథులు. ఒక్కోటి నాలుగైదు గ్రాములు. రక్తపోటును నిలబెట్టే ఆల్డోస్టిరాన్, తెల్లవారుజామున మనిషిని లేపి నిలబెట్టే కార్టిసాల్, భయం వేసినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ అక్కడివే. అవి నిజంగా చెడిపోతే ఏమవుతుందో 1855లోనే లండన్ వైద్యుడు థామస్ అడిసన్ రాసిపెట్టాడు. బరువు తగ్గిపోవడం, చర్మం నల్లబడడం, విపరీతమైన నీరసం. ఆయన చూసిన రోగుల్లో ఎక్కువమందికి ఆ గ్రంథుల్ని తినేసింది క్షయ. ఆ జబ్బు నేటికీ ఉంది, రక్తపరీక్షలో తేలుతుంది, మందు ఉంది. ‘అలసట’ సంగతి అది కాదు. బ్రెజిల్ వైద్యులు కడెజియాని, కేటర్ ఈ విషయం మీద వచ్చిన 58 అధ్యయనాలను జల్లెడ పట్టి, అలాంటి జబ్బు ఒకటుందనడానికి ఆధారం లేదని 2016లో తేల్చేశారు. ఆ వ్యాసం శీర్షికే ఆ తీర్పు.

అయితే ముట్లు ఆగిన ఒంట్లో అడ్రినల్‌కు పనేమీ లేదా? ఉంది, అదీ పెద్ద పనే. అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ ఆపేశాక అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే డీహెచ్ఈఏ, ఆండ్రోస్టెన్‌డయోన్ అనే ముడి హార్మోన్లను కొవ్వు కణాలు ఈస్ట్రోన్ అనే బలహీనమైన ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. మిగిలిన జీవితానికి ఆడమనిషికి ప్రధానమైన ఈస్ట్రోజెన్ అదే. ఇది చూసి డీహెచ్ఈఏ మాత్రలు మింగితే సరిపోతుందనుకున్నవాళ్ళున్నారు. 2015లో వచ్చిన కోక్రేన్ సమీక్ష ఆ ఆశ మీద నీళ్ళు చల్లింది. మాత్రలతో బతుకు నాణ్యత మెరుగుపడిన దాఖలా దొరకలేదు, మొటిమల లాంటి చికాకులు మాత్రం కనబడ్డాయి.

మరి ఆవిర్లు ఎక్కడివి? మెదడు అడుగున హైపోథాలమస్‌లో ఒంటి వేడిని చూసుకునే చోటు ఒకటుంది. దానితో ముడిపడ్డ కొన్ని నాడీకణాలను ఈస్ట్రోజెన్ అదుపులో ఉంచుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గగానే అవి న్యూరోకైనిన్-బి అనే రసాయనంతో విజృంభిస్తాయి. అప్పుడు ఒంటివేడి రవ్వంత పెరిగినా మెదడు దాన్ని మండుటెండగా లెక్కగట్టి చర్మానికి రక్తం మళ్ళించి చెమట పట్టిస్తుంది. ఈ రహస్యం తెలిశాకే న్యూరోకైనిన్ దారిని మూసే ఫెజోలినెటాంట్ అనే మందు తయారై 2023 మేలో అమెరికాలో అనుమతి పొందింది. అమెరికా మహిళలను ఏళ్ళ తరబడి గమనించిన ‘స్వాన్’ అధ్యయనంలో తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్ళకు అవి సగటున ఏడేళ్ళు దాటి ఉన్నాయి. నాలుగు రోజులు ఓర్చుకొమ్మని కోడలికి చెప్పే అత్తమ్మలు ఈ లెక్క తెలుసుకోవాలి.

అడ్రినల్‌కు నిజమైన ముప్పు మన పల్లెల్లో వేరే దారిన వస్తోంది. మోకాళ్ళు గుంజుతున్నాయని, నడుము లేవనివ్వడం లేదని ఆర్‌ఎంపీ దగ్గరికో మందుల షాపుకో పోతే చేతిలో పెట్టే చిన్న మాత్రల్లో డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు ఉండవచ్చు. ‘నాటు మందు’ పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో కూడా వీటిని కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్ళు తేలికపడుతుంది. అందుకే అంత నమ్మకం. కానీ బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మెదడు అడ్రినల్‌కు కబురు పంపడం మానేస్తుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ గ్రంథి కుంచించుకుపోతుంది. మొహం గుండ్రంగా ఉబ్బడం, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, షుగర్ పెరగడం ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైన గుర్తులు. అన్నిటికంటే ఘోరం ఎముకలకు. ఈస్ట్రోజెన్ పోయి అప్పటికే పలచబడుతున్న ఎముకను స్టెరాయిడ్ ఇంకా తొలిచేస్తుంది. ఒకమాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను భయపడి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

రెండో ముప్పు అండాశయాలకు, కత్తి నుంచి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందని, ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అని భయపెట్టి ముప్ఫై నిండకుండానే ఆపరేషన్లు చేసిన తీరును హైదరాబాద్‌లోని లైఫ్-హెచ్‌ఆర్‌జీ సంస్థ డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి సూర్యప్రకాశ్ ఉమ్మడి మెదక్ పల్లెల్లో తిరిగి నమోదు చేశారు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ కేసుల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిస్తూ, అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలంది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రాత్రి నుంచే మెనోపాజ్. పదేళ్ళ మీద మెల్లగా జరగాల్సింది ఒక్క పూటలో జరుగుతుంది. అండాశయాలు ఉంచినా భరోసా పూర్తిగా లేదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చూస్తే, సంచి ఒక్కటే తీసినవాళ్ళకు అండాశయాలు ముందుగా ఆగిపోయే అవకాశం దాదాపు రెట్టింపు ఉంది. తెలంగాణలో ముప్ఫై ఐదేళ్ళకే ఆవిర్లు, నడుము నొప్పి అనే చెల్లెలో వదినో కనబడడానికి ఇది ఒక కారణం.

సహజ మార్గాల మాటకొస్తే నిజాయితీగా చెప్పాల్సినవి ఉన్నాయి. ఆవిర్ల మీద పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా చాలామందికి గణనీయంగా తగ్గుతాయి. కాబట్టి ‘మా పక్కింటామెకు తగ్గింది’ అన్నది రుజువు కాదు. సోయా ఐసోఫ్లేవోన్లు కొంత తగ్గించినట్టు కొన్ని సమీక్షలు చెబితే, అమెరికాలోని ది మెనోపాజ్ సొసైటీ 2023లో సోయాను, మూలికలను, యోగాను, వ్యాయామాన్ని ఆవిర్ల కోసం సిఫారసు చేయలేమంది. అదే పత్రంలో సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతికి, బరువు తగ్గడానికి మంచి మార్కులు పడ్డాయి. పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, మన దేశంలో చేసిన చిన్న పరీక్షల్లో కొంత ఊరటనిచ్చింది. కానీ దానితో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. థైరాయిడ్ మందు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోకూడదు.

తిండి, నడక ఆవిర్లను ఆపకపోయినా ఎముకను కాపాడతాయి, షుగర్‌ను అదుపులో పెడతాయి. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నువ్వుల్లో అంతకు మూడింతలు. పెరుగు, చిన్న చేపలు, మునగాకు ఎటూ ఉన్నాయి. రోజంతా ఇంటి లోపల చాట ముందు కూర్చునే బీడీ కార్మికురాలికి ఎండ తగలదు, నడక ఉండదు, పైగా తంబాకు దుమ్ము. బీడీలు చుట్టేవాళ్ళ మూత్రంలో నికోటిన్ ఆనవాళ్ళు దొరికినట్టు ముంబయి క్యాన్సర్ పరిశోధకులు ఎన్నడో రాశారు. వాకిట్లో గాలి ఆడేచోట కూర్చోవడం, లేచి తిరగడం, తినేముందు చేతులు సబ్బుతో కడగడం వాళ్ళకు ఏ పొడికన్నా మేలు.

బాధ పనులు చేసుకోనివ్వనంతగా ఉంటే హార్మోన్ చికిత్స ఉంది. 2002లో ఒక అమెరికా అధ్యయనం ఈ చికిత్స మీద పుట్టించిన భయం ఎక్కువగా అరవై దాటిన స్త్రీల లెక్కల మీద నిలబడింది. నలభై ఐదుకు ముందే ముట్లు ఆగినవాళ్ళకు, వేరే అడ్డంకి లేకపోతే, సహజ వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వడమే నేటి వైద్యం చెప్పే మాట. మన జిల్లాల్లో ఈ మాట వాళ్ళకు చెప్పేవాళ్ళే తక్కువ. మూత్రం మంట, యోని పొడిబారడం లాంటి సిగ్గుపడి దాచుకునే బాధలకు తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ చక్కగా పనిచేస్తుంది.

2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ‘ఆరోగ్య మహిళ’ ప్రభుత్వ పథకం సేవల్లో మెనోపాజ్‌ను కూడా చేర్చారు. మంగళవారం మహిళల కోసం ప్రత్యేకంగా కేటాయించారు. జగిత్యాల, సిరిసిల్లల్లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా అక్కడి ఆసుపత్రికి వెళ్ళండి. గర్భసంచి తీయాలని ఎవరన్నా అంటే, హార్మోన్ లూప్, మాత్రల లాంటి వేరే దారులు చూశారా అని అడగండి, ఇంకో డాక్టర్‌కు చూపించండి. ఇప్పటికే ఆపరేషన్ అయిపోయినవాళ్ళు డిశ్చార్జి కాగితం వెతికి, అండాశయాలు ఉంచారో తీశారో చదివించుకుని, ఆ కాగితాన్ని వెంట తీసుకుని వెళ్ళండి.