పాత కవాటంలో కొత్త కవాటం

రండర్రా, అరుగు మీదికి రండి. బుజ్జీ, ఆ చెయ్యి గుండెల మీద పెట్టుకో. లబ్ డబ్ అంటోందా? అది కవాటాలు మూసుకునే చప్పుడే. ఉన్నవి నాలుగు, రోజుకి ఇంచుమించు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి!

వాటిల్లో ఒకటి పాడైతే రొమ్ము కోసి కొత్తది కుట్టడం ఒక దారి. కార్బన్‌తో చేసింది పెడితే ఏళ్ల తరబడి అరగదు గానీ, రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర మింగాలి. రెండో రకం ఆవు గుండె మీది పొరతోనో, పంది కవాటంతోనో చేస్తారు. దీనికి ఆ మాత్రల బెడద తక్కువ. అయితే పది పదిహేనేళ్లకి సున్నం పేరుకుని రెక్కలు బిరుసెక్కుతాయి, లేదా చిరుగుతాయి. అప్పటికి చాలామందికి డెబ్బై దాటి ఉంటాయి. మళ్లీ రొమ్ము తెరవాలంటే మాటలా? పాత గాటు మానేటప్పుడు గుండె వచ్చి రొమ్ము ఎముకకి అతుక్కుని ఉంటుంది కూడాను.

ఫ్రాన్సులో అలాన్ క్రిబియే అనే డాక్టరుగారు 2002 ఏప్రిల్‌లో, రొమ్ము కొయ్యకుండానే రక్తనాళంలోంచి బృహద్ధమని కవాటాన్ని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని కవాటాన్ని, పంపి అమర్చారు. మనిషికి ఆ కవాటాన్ని అలా అమర్చడం అదే మొదలు. తర్వాత కొన్నేళ్లకే, పాడైన కృత్రిమ కవాటంలోకీ కొత్తదాన్ని పంపడం మొదలైంది.

ఎలాగంటారా? తొడ మొదట్లో ఉన్న ధమనిలోంచి సన్నటి గొట్టం గుండె దాకా ఎక్కిస్తారు. దాని కొసన కొత్త కవాటం ముడుచుకుని ఉంటుంది. పాత కవాటానికి లోహపు చట్రం ఉంటే ఎక్స్‌రే తెర మీద కనబడి, గురి చూపిస్తుంది. కొన్ని క్షణాలపాటు గుండెని కావాలనే గబగబా కొట్టించి, రక్తం తోపుడు తగ్గించి, బెలూన్ ఉబ్బిస్తారు. కొత్తది విచ్చుకుని పాత రెక్కల్ని పక్కలకి అదిమేస్తుంది. పనికిరాదనుకున్న ఆ పాత చట్రమే కొత్తదాన్ని గట్టిగా పట్టుకుంటుంది! ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ నాయనమ్మ స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దుతుంది కదా, లోపలిదాంట్లో పట్టేది తక్కువే. ఇక్కడా అంతే. మొదటిసారి కుట్టింది మరీ చిన్నదైతే రెండోదానికి దారి ఇరుకవుతుంది. అదిమిన రెక్కలు గుండెకి రక్తమిచ్చే నాళాల మూతికి అడ్డం పడే ప్రమాదమూ ఉంది. అందుకే ముందుగా సీటీ స్కాన్ తీసి కొలతలు చూస్తారు. కార్బన్ కవాటంలో మాత్రం ఈ పని కుదరదు.

మీ ఇళ్లలో ఎవరికైనా కవాటం మార్చి ఉంటే, దాని రకం, సైజు రాసిచ్చిన కార్డుని భద్రంగా దాచమనండర్రా. రేపు డాక్టరు మొదట అడిగేది దాన్నే.