కాలేయానికి ‘కొంచెం’ అంటే ఎంత?

మా ఉచిత వైద్య శిబిరాలకు వచ్చేవారి స్కాన్ కాగితాల మీద ఈమధ్య తరచుగా కనబడుతున్న మాట ‘ఫ్యాటీ లివర్’. ఒక శిబిరంలో ఆ మాట రాసి ఉన్న కాగితాలతో ఇద్దరు ఒకరి వెనుక ఒకరు వచ్చారు. మొదటాయన అరవై దాటిన పెద్దమనిషి, షుగర్ ఉంది, హజ్ చేసి వచ్చినవారు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు. “చుక్క ముట్టినవాణ్ణి కాదు భాయ్. ఇది మా అల్లుడు చూస్తే ఏమనుకుంటాడు?” అన్నది ఆయన బాధ. రెండో ఆయన ఆటో నడుపుతారు. ఆయనకు బెంగే లేదు. “నేను తాగుబోతును కాదండీ, ఒళ్లు నొప్పులకు రాత్రిపూట ఒక్క నైంటీ, అంతే” అన్నారు.

తప్పు చేయని ఆయన సిగ్గుపడుతున్నారు, భయపడవలసిన ఆయన నిబ్బరంగా ఉన్నారు. ఇద్దరి పొరపాటూ ఒకటే: కాలేయం చెడితే తాగుడువల్లే చెడాలని, అదీ విపరీతంగా తాగితేనే చెడుతుందని.

కాలేయ కణాల్లో నూటికి ఐదింటికి మించి కొవ్వు చేరితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జర్గెన్ లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 20 మంది రోగుల కాలేయ ముక్కలను పరీక్షించారు. తాగుడువల్ల కనబడే వాపు, కొవ్వు, మచ్చలే వాటిలోనూ ఉన్నాయి. కాని ఆ రోగులకు తాగుడు అలవాటు లేదు. చాలామందికి స్థూలకాయం, కొందరికి షుగర్ ఉన్నాయి. మన దేశంలో నేడు పెద్దవారిలో మూడో వంతుకు పైగా ఈ కొవ్వు ఉందని అంచనా. కాబట్టి ఆ పెద్దాయనకు మేము చెప్పింది ఒక్కటే: ఈ కాగితం మీ షుగర్ గురించి, మీ నడుము కొలత గురించి మాట్లాడుతోంది, మీ నడవడిక గురించి కాదు. అల్లుడికి నిశ్చింతగా చూపించండి.

ఆటో ఆయన సంగతి అంత తేలిక కాదు. ఆయనకూ పొట్ట ఉంది, షుగర్ సరిహద్దులో ఉంది. అంటే తాగకపోయినా కొవ్వు పట్టే శరీరమే. దానికి తోడు ఆ నైంటీ. లెక్క వేసి చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. 30 మిల్లీలీటర్లకు దాదాపు 10 గ్రాములు. నైంటీకి 30, క్వార్టరుకు 60 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి తాగితే 40 గ్రాములు దాటుతుంది. బీరు మందే కాదనేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

2023లో ప్రపంచ కాలేయ వైద్య సంఘాలు కలిసి ఈ జబ్బుల పేర్లు మార్చినప్పుడు, షుగరు, బరువుల వంటి కారణాలతో పాటు తాగుడు కూడా ఉన్నవారికి ‘మెటాల్డ్’ అని ప్రత్యేకంగా ఒక తరగతి పెట్టాయి. రోజుకు మగవారిలో 30 నుంచి 60 గ్రాములు, ఆడవారిలో 20 నుంచి 50 గ్రాములు అందులోకి వస్తాయి. “ఒక్క నైంటీ” ఆ గడప మీదే ఉంది.

మరి ఇంకా తక్కువైతే? ఇక్కడ వైద్యులే కొంతకాలం తికమకపడ్డారు. 2012లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన, ఫ్యాటీ లివర్ ఉండి మితంగా తాగేవారిలో కాలేయపు వాపు తక్కువగా ఉందని చెప్పింది. పత్రికలకు అలాంటి వార్త అంటే ఇష్టం కదా! అయితే అది ఒక్క రోజున తీసిన ఫొటో వంటిది. ఒంట్లో బాగాలేక మానేసినవారు కూడా ‘తాగనివారి’ లెక్కలోకే వస్తారు, దానితో ఆ గుంపు ఎక్కువ రోగిష్టిగా కనబడే ప్రమాదముంది. తరువాత కొన్నేళ్ల తేడాతో అవే మనుషుల కాలేయాలను రెండుసార్లు పరీక్షించి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, మితంగా తాగేవారిలో కొవ్వు, వాపు తగ్గడం తాగనివారిలో కన్నా తక్కువ.

2019లో కొరియా నుంచి మరొకటి వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్న 58,927 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, రోజుకు 10 గ్రాముల లోపు తాగేవారిలో కూడా మచ్చకట్టే సూచికలు కాస్త ఎక్కువగానే ముదిరాయి, ఆపైన తాగేవారిలో మరింతగా. 2020లో ఫిన్లాండ్ పరిశోధకులు 8,345 మందిని పరిశీలించారు. రోజుకు 10 నుంచి 19 గ్రాములు తాగేవారికి, ఎన్నడూ తాగనివారితో పోలిస్తే తీవ్రమైన కాలేయ జబ్బు ముప్పు రెట్టింపు. వైన్ కాని మద్యమైతే 10 గ్రాముల లోపే ఆ రెట్టింపు కనబడింది. గుండె జబ్బుల విషయంలో మితంగా తాగేవారికి కొంత మేలు కనబడిన మాట నిజమే, దాచనక్కరలేదు. కాని అది ఎన్నడూ పొగతాగనివారిలోనే, పైగా క్యాన్సర్ ముప్పు మోతాదుతో పాటు పెరిగింది.

ఎందుకిలా అంటే, ఆల్కహాలు ఒంట్లోకి రాగానే కాలేయం మిగతా పనులు ఆపి ముందు దాన్ని వదిలించుకుంటుంది. ఆ వేళలో కొవ్వు కరగదు, పేరుకుంటుంది. ఆల్కహాలు విరిగి అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పుడుతుంది. ఆ పనిలో పాల్గొనే ఒక ఎంజైము, కొవ్వు పట్టిన కాలేయంలో ముందే ఎక్కువ చురుగ్గా ఉండి కణాలను గాయపరుస్తుంటుంది. నిప్పు ఉన్న పొయ్యిలో చెంచాడు నూనె పోసినా మంట లేస్తుంది.

ఆటో ఆయనకు అందుకే పూర్తిగా మానమనే చెప్పాము. “వారానికోసారైతే?” అని అడిగారు. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి భయం లేని మోతాదు ఇదీ అని ఏ పరిశోధనా చూపించలేదన్నాము. ఏళ్లుగా రోజూ బాగా తాగేవారు మాత్రం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, వైద్యుని పర్యవేక్షణలో మానాలి.

తాగనివారం కదా అని మనమూ ధీమాగా ఉండడానికి లేదు. విందుల్లో రెండోసారి వడ్డించే బిర్యానీ, కుర్బానీ కా మీఠా, చక్కెర దండిగా వేసిన చాయ్ రోజుకు ఐదుసార్లు, నడక లేని దుకాణం కూర్చోవడం కూడా కాలేయానికి కొవ్వే ఇస్తాయి. బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపూ తగ్గుతుంది. ఎనభై కిలోల మనిషికి అది దాదాపు ఆరు నుంచి ఎనిమిది కిలోల సంగతి.

మచ్చ ఎంత కట్టిందో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రం అందరికీ అక్కర్లేదు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే ‘ఫిబ్-4’ అనే లెక్క కట్టవచ్చు. 1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే కాలేయ నిపుణుని దగ్గరకు వెళ్లాలి. నడుమ ఉంటే మరో పరీక్ష కావాలి. అరవై అయిదు దాటినవారికి కింది గీత 2.0గా తీసుకుంటారు. శిబిరానికి మీరిచ్చే సొమ్ములో ఈ రక్త పరీక్షలు కూడా చేర్చమని మా వైద్యులు అడుగుతున్నది అందుకే. పెద్దాయనకు లెక్క కింది గీతలోపే వచ్చింది. ఆటో ఆయనకు నడుమ వచ్చింది, రెండో పరీక్షకు పంపాము.