అమౌంట్ ముందున్న మాట చూడండి



పోయిన ఏడాది ఒక సాయంత్రం మా ఏడో తరగతి పాప ఒకతె తల్లిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. చేతిలో అప్పు గురించి బ్యాంకు పంపిన ఇంగ్లీషు కాగితం. "అరవై ఒక్క వేల మూడు వందలు ఇప్పుడే కట్టాలంట సార్. అంత దుడ్డు యాడ తెచ్చేది? నగలు కుదవ పెట్టేకి పోతా ఉండా" అంది ఆ తల్లి.

కాగితం తీసుకుని చూశాను. అందులో రెండు అంకెలున్నాయి. 'అవుట్‌స్టాండింగ్ అమౌంట్' 61,300 రూపాయలు. 'ఓవర్‌డ్యూ అమౌంట్' 5,400 రూపాయలు. మొదటిది ఇంకా తీరాల్సిన బాకీ అంతా. రెండోది గడువు దాటిన రెండు కంతులు. ఆమె వెంటనే కట్టాల్సింది రెండోదే. నగలు ఇంట్లోనే ఉండిపోయాయి.

పాప తప్పేమీ లేదు. అమౌంట్ అంటే మొత్తం అని మేమే నేర్పాం. తెలుగులో 'మొత్తం' రెండు పనులు చేస్తుంది. 'కొంత మొత్తం' అంటే కొంత సొమ్ము. 'మొత్తం కట్టు' అంటే అంతా కట్టు. ఇంగ్లీషులో మొదటి పనికి అమౌంట్, సమ్ అనే మాటలు, రెండో పనికి టోటల్ అనే మాట ఉన్నాయి. ఒట్టి అమౌంట్ అంటే ఏ సొమ్మో తేలదు. దాని ముందున్న మాటే ఆ సంగతి చెబుతుంది. కాబట్టి డబ్బూదస్కం, కూలీనాలీ అని మనం జంటగా పలికినట్టే, వీటినీ జంటగానే నేర్చుకోవాలి.

శాంక్షన్డ్ అమౌంట్: మంజూరైన సొమ్ము. డిస్బర్స్‌డ్ అమౌంట్: నిజంగా ఇచ్చిన సొమ్ము. రెండూ ఒకటే అయి ఉండాలని లేదు.

ప్రిన్సిపల్ అమౌంట్: అసలు. వడ్డీ ఇందులో కలవదు.

మినిమమ్ డ్యూ: క్రెడిట్ కార్డు బిల్లులో కనీసం కట్టాల్సింది. అంతే కడితే బాకీ తీరినట్టు కాదు, మిగిలినదానికి వడ్డీ పడుతుంది.

గ్రాస్ శాలరీ, నెట్ శాలరీ: మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు జీతం చీటీలో ఈ రెండూ చూసే ఉంటారు. గ్రాస్ అంటే పీఎఫ్ వంటివి పట్టుకోకముందు లెక్క. నెట్ అంటే చేతికొచ్చేది.

లంప్ సమ్: లంప్ అంటే ముద్ద. విడతలుగా కాక ఒకే ముద్దగా వచ్చే సొమ్ము. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన ఊరు మనది. నెల జీతానికీ, ఒక్కసారే వచ్చే సొమ్ముకూ తేడా ఇక్కడి ఇళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక పిల్లలు పరీక్షల్లో చేసే తప్పులు. తెలుగులో డబ్బైనా, ధరైనా 'ఎక్కువ' అంటే చాలు. ఇంగ్లీషులో దేని జత దానిదే. డబ్బుకు 'ఎ లాట్ ఆఫ్ మనీ' అనాలి, 'మెనీ మనీ' అనకూడదు. ధరకు 'హై ప్రైస్' అనాలి, 'కాస్ట్‌లీ ప్రైస్' అనకూడదు. వస్తువు కాస్ట్‌లీ, దాని ధర హై. అమౌంట్‌కూ సమ్‌కూ 'లార్జ్' లేదా 'స్మాల్' జత కుదురుతుంది.

చివరిగా చెక్కు సంగతి. సొమ్మును అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాస్తాం. అక్షరాల చివర 'ఓన్లీ' అని పెడతాం, తర్వాత ఎవరూ ఇంకేమీ చేర్చకుండా. అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో రాసిందే లెక్క అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. అయినా అలాంటి చెక్కును బ్యాంకులు సాధారణంగా తిప్పి పంపుతాయి. అందుకే 'ఫార్టీ', 'ఫోర్టీన్' వంటి మాటల స్పెల్లింగు బాగా రావాలి.

పిల్లలూ, ఈ ఆదివారం ఇంట్లో ఉన్న పాస్‌బుక్కు, బిల్లు, అప్పు కాగితం తీయండి. అమౌంట్ అని కనబడిన ప్రతిచోటా దాని ముందున్న మాటను నోట్‌బుక్కులో రాసుకోండి. పెద్దలకు చదివి, అర్థం చెప్పండి. తెలియకపోతే బడికి తీసుకురండి, కలిసి చదువుదాం. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే తీసుకురండి.